రెక్కా డొక్కా

గోడకి ఎదురుగా నిలబడమన్నాను.
రెండు అరచేతులూ ఆనించి తోయండి, అన్నాను.
తోసింది.
కుడివైపు రెక్క ఎముక
వీపు వదిలి లేచింది,
గడియ ఊడిన కిటికీ తలుపులా.
కింద నా నాలుగు వేళ్ళూ దూరేంత సందు.

మెరిన్ పాస్కో. ముప్ఫై తొమ్మిదేళ్ళు.
నారకూర్ట్ చుట్టుపక్కల షెడ్లలో
రోజుకి నూట నలభై గొర్రెల ఉన్ని తీసిన చెయ్యి.
ఇప్పుడు అలమర పై అరలో టీ డబ్బా అందదు.
"ఎవరో వెనకనించి ఎత్తుతున్నట్టుంది" అంది.
ఎవరూ ఎత్తడం లేదు.
పట్టుకోవాల్సింది పట్టుకోవడం లేదు, అంతే.

ఎలా చెప్పను?
ఈ ఎముకకి పునాది లేదు.
మెడ ముందరి ఎముక కొసన చిన్న ముడి తప్ప
తక్కినదంతా కండల పూచీ మీదే నడుస్తుంది.
పుర్రె అడుగునించి వెన్ను సగం కిందిదాకా
కండువాలా పరుచుకున్నదొకటి.
దాని పై అంచు "నాకేం తెలుసు" అని ఎగరేస్తుంది,
నడుమది వెనక్కి లాగుతుంది,
కిందిది, చాల్లే, అని దించుతుంది.
మెడ పక్కన సన్నటి మోకు:
బాంకు ఉత్తరం చింపేటప్పుడు బిగుసుకునేది అదే.
వెన్నుకీ ఎముకకీ మధ్య ఏటవాలుగా ఒక జంట.
ఛాతీలో ఒక చిన్నది,
గొర్రె మీద వంగేవాళ్ళందరికీ కురచైపోయేది.
ఇవన్నీ బాగానే ఉన్నాయి మీకు.

పోయింది రంపపు పళ్ళ కండ.
పక్కటెముకల మీద వేళ్ళు వేళ్ళుగా పుట్టి
చంక కిందుగా వెనక్కి పాకి
రెక్క ఎముక లోపలి అంచు పట్టుకునేది.

మా భాషలో ఒక మాటుంది, అన్నాను.
రెక్కాడితే గానీ డొక్కాడదు.
ఇంగ్లీషులో పెట్టబోయి సగంలో ఆగాను.
రెక్క అంటే చెయ్యి. పిట్టది కూడా.
డొక్క అంటే ఆకలుండే చోటు,
దాని పైనే పక్కటెముకలు.
ఆ మాట కట్టినవాళ్ళు ఏ శవాన్నీ కోసి ఉండరు.
అయినా ఆ రెంటికీ ముడి వేసిన కండ
ఇదిగో, నా వేలి కింద.

నేను దీన్ని మొదట చూసింది గుంటూరులో,
మూడో నంబరు బల్ల మీద.
ఎవరూ అడగని మనిషి.
మిర్చి యార్డు హమాలీ అన్నాడు అటెండరు బాలస్వామి.
ఫార్మలిన్‌కి కళ్ళు మండితే
మిరపకాయ ఘాటని నవ్వుకున్నాం, సిగ్గులేనివాళ్ళం.
చర్మం ఒలిచి చెయ్యి ఎత్తితే
పక్కటెముకల్ని కరిచిపట్టుకుని ఆ వేళ్ళు,
ఒక్కోటీ బొటనవేలంత మందం,
బస్తా ఇంకా దింపనట్టు.
మేడమ్ నరాన్ని పురికొసతో ఎత్తి చూపించారు:
కండ పైనే పోతుంది, దాపు లేదు దీనికి.
నరం పేరు రాసుకున్నాను.
మనిషి పేరు ఎవరికీ తెలీదు.

ఏప్రిల్లో జ్వరం వచ్చిందా?
వచ్చింది. తర్వాత రెండు రాత్రులు భుజంలో కోత.
అదీ సంగతి. నరం అలిగి పడుకుంది.
లేస్తుందా?
లేవొచ్చు. ఏడాది. ఏడాదిన్నర.
"షెడ్డు ఆగదుగా" అంది.
ఆమె స్థానంలోకి ఎవరో కుర్రాడొచ్చాడట,
గొర్రెలకి గాట్లు పెడుతున్నాడట.
అది చెప్పేటప్పుడు మాత్రం నవ్వింది.

వెల్లకిలా పడుకోబెట్టాను.
చెయ్యి కప్పుకేసి. గుద్దినట్టు తోయండి, కొంచెమే.
నా వేళ్ళు ఆరో పక్కటెముక మీద.
ఏమీ లేదు.
మళ్ళీ.
ఏమీ లేదు.
మూడోసారి చర్మం కింద ఏదో చీమ కదిలినట్టు.
నా నాడే కొట్టుకుందేమో. చెప్పలేదు.

ఎడమచేత్తో చొక్కా తొడుక్కుంటూ
"ఆ మాట ఇంకోసారి" అంది.
చెప్పాను.
రెక్కాడితే దాకా వచ్చి, డొక్క దగ్గర తడబడింది.

కిటికీలోంచి చూశాను.
ట్రక్కు వెనక కుక్క లేచి నిలబడింది.
ఆమె ఎక్కి కూర్చుని
కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి
స్టీరింగు మీద పెట్టుకుంది,
ఎవరిదో వస్తువు సర్దినట్టు.